ఆసుపత్రి రాతలకు ప్రామాణిక కోడ్‌లు జత చేయడం ఎలా?

ఒక ఆసుపత్రి కంప్యూటర్‌లో ‘షుగర్’ అని ఉంటుంది. ఇంకో ఆసుపత్రిలో ‘డీఎం’ (డయాబెటిస్ మెల్లిటస్) అని ఉంటుంది. మూడో చోట ‘టైప్ 2 డయాబెటిస్’. నాలుగో చోట మాటలే ఉండవు, ఈ11.9 (E11.9) అనే కోడ్ ఒక్కటే ఉంటుంది. డాక్టరు చూస్తే నాలుగూ అర్థమవుతాయి. కంప్యూటర్‌కు మాత్రం అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని గుర్తులు. వాటి మధ్య సంబంధం ఏర్పరచే పనినే మ్యాపింగ్ అంటారు.

నిదానంగా చూస్తే ఆ నాలుగూ ఒకటి కావు. ‘షుగర్’, ‘డీఎం’ అనే మాటలు ఏ రకం డయాబెటిసో చెప్పవు. మూడోది రకం చెబుతుంది గాని కాంప్లికేషన్ల ఊసెత్తదు. ఈ11.9 అయితే టైప్ 2 అనీ, కాంప్లికేషన్లు లేవనీ రెండూ చెబుతుంది. ఏది ఎంతవరకు సమానమో, ఎక్కడ తేడా పడుతుందో దాచకుండా రాసిపెట్టడమే మ్యాపింగ్ చేసేవారి అసలు బాధ్యత. కింద చెప్పబోయే ప్రతి అడుగూ దాని కోసమే.

మన దేశంలో ఈ పని ఇప్పుడు తప్పనిసరి అవుతోంది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో, ప్రతి వ్యక్తికీ ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు ‘ఆభా’ ఆధారంగా, రోగి అనుమతితో రికార్డులు ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి వెళ్తాయి. వాటి ఆకృతికి ‘ఫైర్’ అని పలికే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణంలోని ఆర్4 వెర్షన్‌ను ఎంచుకున్నారు. ఆకృతి ఒకటే అయినంత మాత్రాన అందులోని మాట అవతలివారికి అర్థమవుతుందనే హామీ లేదు. ఆసుపత్రి ఐటీ విభాగంలోనో, మెడికల్ రికార్డ్స్‌లోనో, ల్యాబ్‌లోనో పనిచేస్తూ ఈ బాధ్యత మీద పడిన వారి కోసం ఇది రాస్తున్నాను.

మొదటి అడుగు: దేని కోసమో తేల్చుకోండి

కోడ్‌లు వెతకడం మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాయండి: ‘ఈ మ్యాపింగ్‌ను ఫలానా వారు ఫలానా పనికి వాడతారు.’ ఆ వాక్యం రాయలేకపోతే పని మొదలుపెట్టకండి. జిల్లాలో ఎన్ని డెంగ్యూ కేసులు వచ్చాయో లెక్కించడానికి చేసిన మ్యాపింగ్, రోగికి ఏ మందు పడదో హెచ్చరించడానికి పనికిరాదు. లెక్కలో చిన్న తేడాలను కలిపేయడం మంచిదే. మందు విషయంలో ఆ చిన్న తేడానే ప్రాణం మీదికి తెస్తుంది.

ఏ పనికి ఏ పదకోశమో, అంటే ఏ ప్రామాణిక కోడ్‌ల జాబితానో కూడా దీన్నిబట్టే తేలుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే ఐసీడీ-10 (పైన చూసిన ఈ11.9 దీనిలోదే) జబ్బుల వర్గీకరణ కోసం పుట్టింది. మరణాలను, జబ్బులను లెక్కపెట్టేటప్పుడు ప్రతి కేసూ ఏదో ఒక గడిలో పడాలి కాబట్టి అందులో ‘ఇతరములు’, ‘వివరం తెలియనివి’ అనే గడులు చాలా ఉంటాయి. స్నోమెడ్ సీటీ డాక్టరు మనసులోని మాటను ఉన్నంత వివరంగా పట్టుకోవడానికి ఏర్పడింది. అందులో మూడున్నర లక్షలకు పైగా కాన్సెప్టులు (ఒక్కో అర్థానికి ఒక్కో కోడ్) ఉన్నాయి, అవి తల్లీపిల్లల వరుసలో ఒకదాని కింద ఒకటి అమరి ఉంటాయి. పరీక్షలకు లోయింక్ ఉంది. దాన్ని 1994లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో ఉన్న రీగన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టింది. కొలమానాలకు యూకమ్ ఉంది.

మన ఆరోగ్య శాఖ 2013లో ప్రకటించి 2016లో సవరించిన ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు ప్రమాణాలు స్నోమెడ్ సీటీ, లోయింక్, ఐసీడీ-10 మూడింటినీ సూచించాయి. భారతదేశం 2014లోనే స్నోమెడ్ అంతర్జాతీయ సంస్థలో సభ్యత్వం తీసుకుంది. అందుకే ఇక్కడ వాడుకోవడానికి రుసుము లేదు. పుణేలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్‌లో ఉన్న జాతీయ వనరుల కేంద్రం ద్వారా లైసెన్సుకు నమోదు చేసుకుంటే సరిపోతుంది. లోయింక్ కూడా ఉచితమే. ఈ రెండు నమోదులూ మొదటి రోజే ముగించుకోండి.

రెండో అడుగు: మీ జాబితాను ఉన్నది ఉన్నట్టు బయటికి తీయండి

గత ఏడాది మీ ఆసుపత్రిలో నిజంగా వాడిన రోగ నిర్ధారణలు, పరీక్షల పేర్లు అన్నీ డేటాబేస్ నుంచి తీసి ఒక పట్టికలో పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో ముందే పెట్టిన మాస్టర్ జాబితాను మాత్రమే నమ్ముకోకండి. అందులో ఉండేవి కొన్ని, డ్యూటీ డాక్టర్లు టైపు చేసేవి మరికొన్ని. ప్రతి వరుసలో స్థానిక కోడ్, టైపు చేసిన మాట, ఏ విభాగం, ఎన్నిసార్లు వచ్చింది అనే వివరాలు ఉండాలి. పరీక్ష అయితే శాంపిల్ ఏమిటి, యూనిట్ ఏమిటి, పరికరం ఏమిటి అన్నవీ చేర్చండి. అక్షర దోషాలు దిద్దకండి. ఆ దోషాలతో ఉన్న రికార్డులు కూడా రేపు బయటికి వెళ్లవలసినవే. రోగుల పేర్లు, ఫోను నంబర్లు మాత్రం పట్టికలోకి రానివ్వకండి.

ఎక్కువసార్లు వచ్చినవి పైకి వచ్చేలా పట్టికను అమర్చండి. జాబితా ఎంత పొడవున్నా రోజువారీ రాతల్లో తిరిగేవి కొద్ది మాటలే. పని అక్కడినుంచి కిందికి దిగాలి.

మూడో అడుగు: రాసినవారిని అడగండి

చాలామంది తొందరలో దాటేసే అడుగు ఇదే. క్యాజువాలిటీలో ‘ఆర్‌టీఏ’ అని రాస్తే రోడ్డు ప్రమాదం. నెఫ్రాలజీ వార్డులో అదే ‘ఆర్‌టీఏ’ మూత్రపిండాల్లో ఆమ్లం సరిగా బయటికి పోని జబ్బు. ‘ఎంఐ’ అంటే మామూలుగా గుండెపోటు. గుండె స్కానింగ్ అయిన ఎకో రిపోర్టులో అయితే మైట్రల్ కవాటం లీకు కావచ్చు. మాట ఒక్కటే చూసి కోడ్ వేస్తే, కిడ్నీ రోగి లారీ ప్రమాదంలో గాయపడినట్టు రికార్డవుతుంది. పట్టికలో విభాగం గడి ఉండాలన్నది ఇందుకే. ఒకే మాట రెండు విభాగాల్లో రెండు అర్థాలతో వస్తే దాన్ని రెండు వరుసలుగా విడదీయండి.

మాటకు ముందూ వెనకా ఉండే చిన్న గుర్తులు ఇంకా ముఖ్యం. మన కేస్ షీట్లలో ‘? డెంగ్యూ’ అని రాస్తారు. ఆ ప్రశ్నార్థకం పోతే అనుమానం కాస్తా నిర్ధారణ అవుతుంది. ‘హెచ్/ఓ ఎంఐ’ అంటే గతంలో గుండెపోటు వచ్చిందని. దాన్ని ఈరోజు వచ్చిన గుండెపోటుగా పంపకూడదు. ఐసీడీ-10లో తాజా గుండెపోటుకు ఐ21, పాతదానికి ఐ25.2 వేరుగా ఉన్నాయి. తండ్రికి ఉన్న షుగర్‌ను కొడుకు జబ్బుగా చూపించడం, ‘ఫిట్స్ లేవు’ అన్నదాన్ని ఫిట్స్‌గా చదవడం కూడా ఇలాంటి పొరపాట్లే. ఎఫ్‌హెచ్‌ఐఆర్‌లో వీటికి వేరే చోట్లు ఉన్నాయి. రోగ నిర్ధారణ ఎంత ఖాయమో చెప్పే గడిలో ‘తాత్కాలికం’, ‘నిర్ధారితం’, ‘కాదని తేలింది’ వంటి విలువలు పెట్టవచ్చు. కుటుంబ చరిత్రకు ప్రత్యేక రికార్డే ఉంది. జబ్బు కోడ్‌ను, దాని చుట్టూ ఉన్న సందర్భాన్ని విడివిడిగా నమోదు చేయండి.

నాలుగో అడుగు: సరైన కాన్సెప్టును వెతకండి

స్నోమెడ్ కోడ్‌లు వెతికే వెబ్‌సైటు అయిన స్నోమెడ్ బ్రౌజర్‌లో ‘డెంగ్యూ’ అని కొడితే చాలా ఫలితాలు వస్తాయి. అందులో జబ్బు ఉంటుంది, వైరస్ ఉంటుంది, రక్తంలో యాంటీబాడీలు వెతికే పరీక్ష ఉంటుంది. పేరు చివర బ్రాకెట్లలో ఉండే ట్యాగును చదవకుండా ఏదీ ఎంచుకోకండి. అది జబ్బా, జీవా, పరీక్షా అన్నది చెప్పేది ఆ ట్యాగే. డెంగ్యూ జబ్బు కోడ్ 38362002. దాన్ని తెరిచి పైన తల్లి ఎవరో, కింద పిల్లలు ఎవరో చూడండి. పిల్లల్లో ఒకటి మీ మాటకు ఇంకా దగ్గరగా ఉండవచ్చు. తల్లిని చూస్తే దారి తప్పిన సంగతి బయటపడవచ్చు.

ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి: రాసినదానికన్నా ఎక్కువ చెప్పకూడదు. ‘డీఎం’ అని మాత్రమే ఉంటే డయాబెటిస్ అనే 73211009కే జత చేయాలి. పెద్దవాళ్లలో ఎక్కువమందికి వచ్చేది టైప్ 2నే కదా అని 44054006 వేయకండి. రోగికి ఏ రకమో తేల్చేది డాక్టరు, మ్యాపింగ్ చేసేవారు కాదు. ‘మేము డీఎం అని రాస్తే టైప్ 2 అనే అర్థం’ అని డాక్టర్లు చెబితే, టైపు చేసే తెరమీదే ‘టైప్ 1’, ‘టైప్ 2’ అని విడివిడిగా ఎంచుకునే వీలు కల్పించండి. పాత రికార్డులు పాత అర్థంతోనే ఉండనివ్వండి.

ఏ ప్రచురణ వాడుతున్నారో కూడా చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10లో రకం తెలియని డయాబెటిస్‌కు ఈ14 ఉంది. అమెరికా వాడే ఐసీడీ-10-సీఎంలో ఈ14 లేదు, అక్కడ రకం రాయకపోతే ఈ11 కిందికి పోతుంది. డెంగ్యూకు కూడా ఇదే చిక్కు. పాత జాబితాల్లో ఎ90, ఎ91 ఉండేవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 ప్రచురణలో వాటి స్థానంలో ఎ97 వచ్చింది, హెచ్చరిక లక్షణాలు ఉన్నాయా, తీవ్రమైనదా అన్నదాన్నిబట్టి దాని కింద విభజన ఉంది. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో ఒక ఐసీడీ ఫైలును దించుకుని పని మొదలుపెడితే, రెండు దేశాల నియమాలు ఒకే పట్టికలో కలిసిపోతాయి.

ఐదో అడుగు: సంబంధం ఎలాంటిదో రాయండి

జత దొరికింది కదా అని ముందుకు వెళ్లిపోకండి. మీ ఆసుపత్రి మాట మూలం, దానికి జత చేసే ప్రామాణిక కోడ్ లక్ష్యం. ప్రతి జత పక్కనా ఆ సంబంధం పేరు ఉండాలి: సమానం, లక్ష్యం విశాలం, లక్ష్యం సంకుచితం, సంబంధం మాత్రమే, జత లేదు. ‘ఎడమ పాదానికి డయాబెటిక్ పుండు’ అన్న మీ మాటను ‘డయాబెటిక్ పాదం పుండు’కు జత చేస్తే లక్ష్యం విశాలం. కొంత వివరం పోయినా అబద్ధం చెప్పలేదు. ‘షుగర్’ను ఈ11.9కు జత చేస్తే లక్ష్యం సంకుచితం. డాక్టరు చెప్పని రెండు సంగతులను మీరు చేర్చారు. రెండో రకం జతలను చికిత్స కోసం వెళ్లే రికార్డుల్లోకి రానివ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

ఎఫ్‌హెచ్‌ఐఆర్ ఆర్4లో ‘వైడర్’, ‘నారోవర్’ అనే మాటలు లక్ష్యం వైపు నుంచి చెప్పినవి, అంటే ‘వైడర్’ అంటే లక్ష్యం విశాలమని. దీన్ని తిరగేసి అర్థం చేసుకున్నవారు ఎక్కువ కావడంతో ఆర్5లో ‘మూలం లక్ష్యం కన్నా సంకుచితం’ అని పూర్తిగా విడమరిచి రాశారు. మీ బృందం కూడా పట్టికలో పూర్తి వాక్యమే రాసుకుంటే మంచిది.

‘జత లేదు’ అన్నది కూడా ఫలితమే, వైఫల్యం కాదు. గడి నింపడం కోసం దగ్గరగా కనిపించినదాన్ని పెట్టేయకండి.

ఆరో అడుగు: ల్యాబ్‌కు ప్రత్యేకంగా సమయం ఇవ్వండి

లోయింక్‌లో ఒక పరీక్షను ఆరు సంగతులు నిర్ణయిస్తాయి: దేన్ని కొలుస్తున్నాం, ఏ లక్షణాన్ని, ఎంత కాలానికి, ఏ శాంపిల్‌లో, ఏ తరహా ఫలితంగా, ఏ పద్ధతిలో. చివరిది అన్నిసార్లూ ఉండదు. ఈ ఆరింటినీ ల్యాబ్ టెక్నీషియన్ పక్కన కూర్చుని నింపాలి. బిల్లింగ్ జాబితా చూసి నింపడం కుదరదు.

గ్లూకోజునే తీసుకోండి. వార్డులో స్టాఫ్ నర్సు వేలికి సూది గుచ్చి గ్లూకోమీటర్‌తో చూసే జీఆర్‌బీఎస్‌కు 41653-7. సిరలోంచి తీసిన రక్తం సీరంలోనో ప్లాస్మాలోనో చూసేది, సమయంతో పని లేనిది అయితే 2345-7. పరగడుపున చూసే ఎఫ్‌బీఎస్‌కు 1558-6. భోజనం తర్వాత రెండు గంటలకు చూసే పీపీబీఎస్‌కు 1521-4. నాలుగింటినీ ‘షుగర్ టెస్ట్’ అని ఒకే కోడ్‌లో వేస్తే, అవతలి ఆసుపత్రి గ్రాఫులో భోజనం తర్వాతి 180 పరగడుపు 110 పక్కన చేరుతుంది. జబ్బు ముదిరిందని చూసేవారు పొరబడతారు.

యూనిట్ల విషయంలో మన ల్యాబ్‌లకే సొంతమైన ప్రమాదం ఒకటి ఉంది. ప్లేట్‌లెట్లను మనం లక్షల్లో రాస్తాం. రిపోర్టులో ‘1.2’, పక్కన ‘లక్షలు/క్యూబిక్ మి.మీ.’ అని ఉంటుంది. యంత్రంతో లెక్కించే ప్లేట్‌లెట్లకు లోయింక్ 777-3, అంతర్జాతీయంగా వాడే యూనిట్ మైక్రోలీటరుకు వేలు. ఒక క్యూబిక్ మిల్లీమీటరు, ఒక మైక్రోలీటరు సమానమే కాబట్టి 1.2 లక్షలు 120 వేలుగా మారాలి. మార్చకుండా 1.2ను అలాగే పంపితే అవతలి కంప్యూటర్ దాన్ని 1,200గా చదువుతుంది. డెంగ్యూ రోజుల్లో ఆ అంకె చూసి రోగికి అక్కరలేని ప్లేట్‌లెట్లు ఎక్కించే ప్రయత్నం మొదలుకావచ్చు. ఇంకా ఘోరం దీనికి తిరగబడినది: నిజంగా 12,000కు పడిపోయిన కౌంటు, ‘0.12’గా వెళ్లినప్పుడు టైపింగ్ పొరపాటని ఎవరో పక్కన పెట్టేయడం. అందుకే విలువను, యూనిట్‌ను ఎప్పుడూ కలిపే మార్చండి, మార్చిన సూత్రాన్ని పట్టికలో రాయండి, ల్యాబ్ ఇన్‌చార్జి సంతకం తీసుకోండి.

విదేశాల నుంచి వచ్చే రిపోర్టులతో మరో తేడా వస్తుంది. బ్రిటన్‌లో ఉన్న పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చిన తల్లి చేతిలోని రిపోర్టులో గ్లూకోజు 7.0 అని ఉండవచ్చు. అది మిల్లీమోళ్లలో చెప్పిన అంకె, మన లెక్కలో దాదాపు 126 మిల్లీగ్రాములు. లోయింక్‌లో దానికి కోడే వేరు, 14749-6. 2345-7 కింద 7.0 నమోదైతే అది ప్రాణాపాయకరమైన తక్కువ చక్కెరగా కనిపిస్తుంది.

టైఫాయిడ్‌కు చేసే వైడాల్ వంటి పరీక్షల్లో ‘పాజిటివ్’ అని మాత్రమే రాస్తే ఒక కోడ్, రక్తాన్ని ఎంత పలుచన చేసినా ఫలితం కనిపించిందో చెప్పే టైటర్‌ను 1:160 అని రాస్తే ఇంకో కోడ్. ల్యాబ్ ఏది ఇస్తోందో చూసి ఎంచుకోండి.

ఏడో అడుగు: ఇద్దరు విడివిడిగా, మూడో వ్యక్తి తీర్పు

ఒకే జాబితాను ఇద్దరు ఒకరిది ఒకరు చూడకుండా జత చేయాలి. ఒకరికి కోడింగ్ అనుభవం, మరొకరికి వైద్య నేపథ్యం ఉంటే మంచిది. ఇద్దరూ ఒకే కోడ్ వేసినవి పక్కన పెట్టి, తేడా వచ్చినవి డాక్టరుకు చూపించండి. ఆయన తీర్పుతో పాటు కారణాన్ని కూడా ఒక్క వాక్యంలో రాయించుకోండి. రెండేళ్ల తర్వాత అదే ప్రశ్న మళ్లీ వస్తుంది.

ఉసాగి వంటి ఉచిత సాధనాలు పేర్ల పోలికను బట్టి కోడ్‌లు సూచిస్తాయి. పనిని వేగం చేయడానికి అవి బాగా ఉపకరిస్తాయి. వాటి మార్కు ఎంత ఎక్కువైనా అది సూచన మాత్రమే. కృత్రిమ మేధ సాధనాలను అడిగితే చూడ్డానికి సరైనట్టే ఉండే, అసలు లేని కోడ్‌లు కూడా రావచ్చు. స్నోమెడ్ కోడ్‌లో చివరి అంకె, లోయింక్‌లో గీత తర్వాతి అంకె తనిఖీ అంకెలు. వాటిని లెక్కకట్టి చూసే చిన్న ప్రోగ్రాం పెట్టుకుంటే టైపింగ్ తప్పులు చాలావరకు దొరుకుతాయి. అంకె సరిపోయినంత మాత్రాన అర్థం సరిపోయినట్టు కాదు కాబట్టి, ప్రతి కోడ్‌నూ అధికారిక ప్రచురణలో తెరిచి చూడాల్సిందే.

ఎనిమిదో అడుగు: అసలు మాటను పారేయకుండా పంపండి

ఎఫ్‌హెచ్‌ఐఆర్‌లో ఒక రోగ నిర్ధారణకు ఒకే చోట అనేక కోడ్‌లు, వాటితో పాటు డాక్టరు రాసిన మాట పెట్టే వీలుంది. ఆ వీలును పూర్తిగా వాడుకోండి. మీ స్థానిక కోడ్, స్నోమెడ్ కోడ్, అవసరమైతే ఐసీడీ కోడ్, చివరగా టైపు చేసిన మాట ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి. మ్యాపింగ్ తప్పని రేపు తేలినా చూసే డాక్టరుకు అసలు మాట కనిపిస్తుంది. జత దొరకని మాటను కోడ్ లేకుండా మాటగానే పంపండి. కోడ్ లేదన్న కారణంతో జబ్బునే రికార్డులోంచి మాయం చేసే సాఫ్ట్‌వేర్ ఉంటే దాన్ని ముందు సరిచేయించండి.

జతల పట్టికను ‘కాన్సెప్ట్ మ్యాప్’ రూపంలో పెట్టి, మూలం, లక్ష్యం రెండింటి వెర్షన్లూ రాయండి. స్నోస్టార్మ్, హాపీ వంటి ఓపెన్ సోర్స్ సర్వర్లలో దాన్ని ఎక్కిస్తే మిగతా సాఫ్ట్‌వేర్లు అడిగి తీసుకుంటాయి. ఈ మ్యాప్ ఒకవైపు దారి అని గుర్తుంచుకోండి. స్నోమెడ్ నుంచి ఐసీడీకి చేసినదాన్ని తిప్పి వాడితే ‘ఇతరములు’ అనే గడిలోంచి అసలు జబ్బు తిరిగి రాదు. కొన్ని జతలకు కోడ్ ఒక్కటే చాలదు. సంతానలేమికి ఐసీడీ-10లో పురుషులకు ఎన్46, స్త్రీలకు ఎన్97. కాబట్టి రోగి ఆడో మగో తెలిస్తే గాని జత పూర్తికాదు. స్నోమెడ్ సంస్థ ఇచ్చే ఐసీడీ-10 మ్యాప్‌లో ఇలాంటి షరతులు నియమాలుగా ఉంటాయి. మీ ప్రోగ్రామర్ ఆ నియమాల గడిని వదిలేసి మొదటి వరుసనే చదువుతున్నారేమో చూసుకోండి.

తొమ్మిదో అడుగు: పరీక్షించి, ఆ తర్వాతా చూసుకుంటూ ఉండండి

మ్యాపింగ్‌తో సంబంధం లేని ఒక డాక్టరుకు, పాత డిశ్చార్జి సమ్మరీల నుంచి వచ్చిన కోడ్‌ల అర్థాలు మాత్రమే ఇచ్చి, రోగికి ఏముందో చెప్పమనండి. ఆ తర్వాత అసలు సమ్మరీతో పోల్చండి. ఎక్కడ కథ మారిపోయిందో అక్కడ మీ పట్టికలో తప్పుంది. ఏ గణాంకమూ ఇంత నిక్కచ్చిగా తప్పును పట్టివ్వదు.

లోయింక్ ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో మారుతుంది. స్నోమెడ్ అంతర్జాతీయ ప్రచురణ 2022 నుంచి నెలనెలా వస్తోంది. ప్రతి నెలా పరుగెత్తనక్కరలేదు గాని, ఏడాదికి రెండుసార్లైనా మీరు వాడిన కోడ్‌లలో ఏవి నిలిచిపోయాయో చూడండి. నిలిచిపోయిన స్నోమెడ్ కాన్సెప్టుకు బదులు ఏది వాడాలో అదే ప్రచురణలోని పాత సంబంధాల పట్టిక చెబుతుంది. ఐసీడీ-11 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆయుర్వేద, సిద్ధ, యునాని జబ్బులకు అందులో రెండో సంప్రదాయ వైద్య విభాగాన్ని 2024 జనవరి 10న దిల్లీలో విడుదల చేశారు. ఆయుష్ ఆసుపత్రుల వారు ఆయుష్ జబ్బుల పేర్లకు కోడ్‌లు ఇచ్చే నమస్తే పోర్టల్ కోడ్‌లను దానితో పాటు చూడాలి.

మీ సొంత జాబితా విషయంలో ఒక్కటి అసలు చేయకండి: తీసేసిన స్థానిక కోడ్ నంబరును కొత్త పరీక్షకు ఇవ్వడం. ఇస్తే పాత రోగుల ఫలితాలన్నీ ఆ రోజు నుంచి కొత్త పరీక్ష పేరుతో కనిపిస్తాయి. కొత్త మాట చేరాలంటే ఒకే వ్యక్తి అనుమతి తీసుకునేలా ఏర్పాటు చేసి, ఆ వ్యక్తి పేరు, ఎక్స్‌టెన్షన్ నంబరు ప్రతి విభాగంలోనూ అంటించండి. పంపిన ప్రతి రికార్డు లాగ్‌లో (ఏది ఎప్పుడు ఎక్కడికి వెళ్లిందో కంప్యూటర్ రాసుకునే చిట్టా) మ్యాప్ వెర్షన్ నంబరు నమోదయ్యేలా చూడండి. ఒక జత తప్పని తేలిన రోజు పట్టికను దిద్దితే సరిపోదు. ఆ వెర్షన్‌తో ఎవరెవరి రికార్డులు ఎక్కడెక్కడికి వెళ్లాయో లాగ్‌లో వెతికి, సరిచేసిన ప్రతిని అక్కడికి మళ్లీ పంపి, చికిత్స చేస్తున్న డాక్టరుకు ఫోను చేసి చెప్పాలి.